ముంజేతికి జ్వరం చూసే ఊరు

కరోనా ఏడాది 2020లో, జూన్ 8న మాళ్లు, హోటళ్లు, గుళ్లు తలుపులు తీసింది మొదలు ఆ డిసెంబరు దాకా హైదరాబాదు గేట్ల దగ్గర నింపిన రిజిస్టర్లన్నీ పోగేసి ఎవరైనా పరాయి దేశపు డాక్టరుకు చూపిస్తే, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఈ ఊళ్లో మనుషులెవరూ మిగల్లేదా అని అడుగుతాడు. ఒంటి వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే దిగితే ప్రమాదమని, వెంటనే దుప్పట్లు కప్పి ఆస్పత్రికి తరలించాలని వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది. మన రిజిస్టర్లలో 91, 92.3, 90.6 అంటూ అంకెలు బారులు తీరి ఉంటాయి. అంకె పక్కన పేరు, ఫోన్ నంబరు, లోపలికి వెళ్లిన టైము. అంతగా చల్లబడిపోయినవాళ్లు వేల సంఖ్యలో తమ కాళ్ల మీద తాము నడిచి లోపలికి వెళ్లి, చీరలు ఎంచుకుని, బిర్యానీలు తిని, పార్కింగ్ చీటీ దగ్గర గొడవపడి మరీ ఇళ్లకు చేరుకున్నారు.

వైద్యశాస్త్రానికి అందని ఈ అద్భుతం వెనక ఒక చిన్న రహస్యం ఉంది. తుపాకీలా కనిపించే జ్వరం కొలిచే పరికరాన్ని నుదుటికి గురిపెట్టాలి. చేసినవాళ్లు నుదుటి కొలతలతోనే దాన్ని సరిచేసి పంపారు. మనం ముంజేయి చాపాం. ఎండలో బండి మీద వచ్చినవాడి చెయ్యి ఒక లెక్క చెబుతుంది, ఏసీ కారు దిగినవాడి చెయ్యి ఇంకో లెక్క చెబుతుంది, అప్పుడే శానిటైజర్ రాసుకున్న చెయ్యి అసలు లెక్కే చెప్పదు. నుదుటికి ఎందుకు పెట్టడం లేదని ఒక గేటు దగ్గర కుర్రాణ్ని అడిగాను.

"వద్దు సార్, దిమాగ్ ఖరాబైతదంట. వాట్సాప్‌ల వచ్చింది."

"ఎవరు చెప్పారు తమ్ముడూ?"

"మేనేజర్ సారే అన్నడు. చెయ్యికే పెట్టుమన్నడు."

ఆ పరికరంలోంచి మన మెదడులోకి దూరేది ఏమీ లేదు. ఒంటి మీంచి వచ్చే వేడిని అది అందుకుంటుంది, అంతే. పుకారు నమ్మిన మేనేజరుగారి ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, నిజం కనుక్కుని సరిగ్గా వాడించడం. రెండు, హాని అని నమ్మితే వాడకం మానేయడం. ఆయన మూడో దారి కనిపెట్టారు. పరికరం ఉంటుంది, పట్టుకోవడానికి మనిషి ఉంటాడు, బీప్ అంటుంది, అంకె పడుతుంది, జ్వరం మాత్రం దొరకదు. పై అధికారి తనిఖీకి వస్తే అన్నీ ఉన్నట్టే. వైరస్ తనిఖీకి వస్తే దానికీ ఇబ్బంది లేదు.

పోనీ నుదుటికే పెట్టారనుకుందాం. కరోనా సోకినవాళ్లలో చాలామందికి జ్వరం రాదు. వచ్చేవాళ్లు కూడా అది రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్లకు అంటించగలరు. ఒళ్లు కాలుతున్నా సేల్ ఆఖరు రోజు కదా అని బయల్దేరేవాడికి పారాసెటమాల్ ఉండనే ఉంది. కృష్ణా నీళ్ల దగ్గర కలవని ఇద్దరు తెలుగు ముఖ్యమంత్రులు మార్చి నెలలో కరోనాకు ఈ మాత్ర చాలన్న మాట దగ్గర కలిశారు, ఆ మాట ఇంకా ఎవరూ మర్చిపోలేదు. ఒకటి వేసుకుని గంట ఆగితే రాష్ట్రంలో ఏ గేటూ ఆపేది కాదు.

ఇంత చెప్పినా, ఆ తుపాకీ పట్టుకున్న కుర్రాడి మీద నాకు కోపం లేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి వచ్చేపోయే ప్రతి ఒక్కరి ఊపిరికీ మొహం అప్పగించేవాడు వాడొక్కడే. వాడికి జ్వరం ఉందో లేదో చూసేవాడు లేడు. ఉందని తేలితే జీతం కోత లేకుండా ఇంటికి పంపుతారా అని అడిగితే, మేనేజరుగారికి అప్పుడు అర్జంటుగా ఫోన్ వస్తుంది.

మార్చి నుంచి తొమ్మిది నెలలు చూశాను. లాక్‌డౌన్ గొలుసులు ఒక్కొక్కటే విప్పుతూ వస్తుంటే జాగ్రత్తలు కూడా ఒక్కొక్కటే రాలిపోయాయి. కొన్ని మాత్రం నిలిచాయి. ఏవి రాలాయి, ఏవి నిలిచాయి అని చూస్తే లెక్క తేలికగానే తేలుతుంది. మన జేబుకు గానీ సరదాకు గానీ దర్జాకు గానీ తగిలేవన్నీ రాలాయి. ఖర్చు లేనివి, కంటికి కనిపించేవి, మనకంటే కింద ఉన్నవాడి మీద పడేవి నిలిచాయి. వాటికి అప్పుడు కోవిడ్ నిబంధనలు అని పేరు.

శానిటైజర్ సంగతే చూడండి. జూన్‌లో గుళ్లు తెరిచినప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ రాసిచ్చిన నియమాల్లో ప్రసాదాలు పంచకూడదని, తీర్థం చల్లకూడదని స్పష్టంగా ఉంది. గుళ్లో తీర్థం ఆగిన రోజే మాల్‌లో మొదలైంది. గుమ్మం దగ్గర ఒకాయన సీసా వంచుతాడు, మనం దోసిలి పడతాం, రెండు చుక్కలు పడతాయి, వేళ్లకైనా చాలవు. పెద్దవాళ్లు కొందరు అలవాటు కొద్దీ అరచేతిలో మిగిలిన తడిని తలకు రాసుకోవడం నేను కళ్లారా చూశాను. వాళ్లను చూసి నవ్వబుద్ధి కాలేదు, ఆ పనికి సరైన మర్యాద వాళ్లే ఇస్తున్నారనిపించింది. చేతులు పూర్తిగా తడిసి, ఇరవై సెకన్లు రుద్దుకుంటే తప్ప ఆ ద్రవం పని చెయ్యదు. రెండు చుక్కలు చేసే పని వేరే ఉంది. మనసు శుద్ధి అవుతుంది. శుద్ధి అయిన మనసుతో మూడో అంతస్తులో మూసిన గదిలో నలభై మందితో కలిసి గంటసేపు కూర్చోవచ్చు.

ఇక రిజిస్టరు. పురికొసతో బల్లకు కట్టిన ఒకే ఒక పెన్ను. ముందు చేతులకు శానిటైజర్, ఆ వెంటనే ఊరందరూ పట్టుకున్న పెన్ను, ఈ వరస ఎవరు పెట్టారో గానీ వాళ్ల చేతికి దండం పెట్టాలి. ఎవరికైనా జబ్బు తేలితే అదే సమయంలో లోపల ఉన్నవాళ్లకు కబురు చెయ్యడానికట ఈ పేర్లు. అలా కబురు అందినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వాళ్లకు సన్మానం చేస్తాను. నాకు ఒక రిజిస్టరు పుణ్యాన కబురు వచ్చిన మాట నిజమే. దసరా ఆఫరులో రెండు కొంటే ఒకటి ఉచితమని.

అదే ఊళ్లో, ఆగస్టులో, తార్నాక వైపు ఇంకొందరు ఇంకో పద్ధతిలో లెక్క తీశారు. సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వచ్చే నీళ్లు పట్టి, అందులో వైరస్ ఆనవాళ్లు కొలిచి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఎవరి ముంజేయీ పట్టుకోలేదు, ఎవరి ఫోన్ నంబరూ అడగలేదు. వేల గేట్ల దగ్గర దొరకనిది మురుగుకాలవలో దొరికింది. ఆ లెక్క పేపర్లలో వచ్చిన మర్నాడు కూడా తుపాకీ కుర్రాడు తన చోట తాను నిలబడే ఉన్నాడు. మురుగునీళ్ల లెక్కకు బీప్ లేదు, ఫోటో దిగడానికి అనువుగా ఉండదు.

ఫోటోల మాట వచ్చింది కాబట్టి టన్నెళ్ల గురించి ఒక ముక్క చెప్పి ముందుకు పోదాం. ఏప్రిల్‌లో రైతు బజార్ల ముందు, ఆఫీసుల ముందు గొట్టాలు బిగించిన గుడారాలు వెలిశాయి. లోపల నడిస్తే నాలుగు వైపుల నుంచీ మందునీళ్లు చిమ్ముతాయి. రిబ్బను కత్తిరించడానికి నాయకులు వరస కట్టారు. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 18న, మనుషుల మీద ఇలాంటివి చల్లడం హానికరమని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మాట అన్నది. ఆఖరికి నవంబరు 5న సుప్రీంకోర్టు కలగజేసుకుని, వాటిని నిషేధించే విషయం తేల్చమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల్లో ఉన్నదాన్ని చొక్కా మీద చల్లి చంపొచ్చా అన్న ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిందంటే మన న్యాయవ్యవస్థ ఓపికకు మొక్కాలి.

అసలు సంగతి గాలి. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ రాశారు, ఇది గాలిలో తేలే సన్నటి తుంపర్ల ద్వారా కూడా సోకుతోంది, దాన్ని పట్టించుకోండి అని. ఆ సంస్థ మూసిన, గాలాడని, జనం కిక్కిరిసిన చోట్లలో అలా జరగవచ్చని నెమ్మదిగా ఒప్పుకుంది. అక్టోబరులో అమెరికా సీడీసీ కూడా ఆ మాటే అన్నది. మామూలు తెలుగులో చెప్పాలంటే కిటికీలు తీసి పెట్టండి, జనాన్ని తగ్గించండి, మూతీ ముక్కూ కప్పుకోండి, తొందరగా ఇంటికి పొండి. దీనికి తుపాకీ అక్కర్లేదు, సీసా అక్కర్లేదు. కానీ చాలా కష్టమైన పని. కిటికీ తీస్తే ఏసీ పోతుంది. జనం తగ్గితే అమ్మకం పోతుంది. మూతి కప్పితే లిప్‌స్టిక్ కనపడదు. తొందరగా పొమ్మంటే అతిథికి కోపం వస్తుంది.

కిటికీల విషయంలో మన తెలివి ఎలాంటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాద్ మెట్రో సెప్టెంబరు 7న మళ్లీ కదిలింది. తలుపులు బిగించిన ఏసీ పెట్టె అది. సిటీ బస్సుకు అటూ ఇటూ కిటికీలే, తలుపు కూడా సగం రోజులు మూసుకోదు. దాన్ని సెప్టెంబరు 25 దాకా డిపోలోనే ఉంచారు. సిటీ బస్సు ఎక్కేది ఎవరంటే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, గేటు కుర్రాళ్లు, హోటల్లో ప్లేట్లు కడిగేవాళ్లు. వాళ్లకు మాత్రం ఆర్నెల్ల పాటు షేర్ ఆటోలో ఆరుగురితో కలిసి భౌతిక దూరం పాటించే అవకాశం దక్కింది.

పెళ్లిళ్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన సృజన అంతా అక్కడే ఉంది. మొదట 50 మందే అన్నారు. సెప్టెంబరు 21 నుంచి 100. అక్టోబరు నుంచి హాలులో సగం, అదీ 200 మించకుండా. మన పెళ్లివారు ఈ అంకెలను ఎంతో గౌరవించారు. ఉదయం 200 మంది, మధ్యాహ్నం 200 మంది, రిసెప్షన్‌కు మరో 200 మంది. ఏ క్షణంలో లెక్కపెట్టినా చట్టం గీత దాటలేదు. శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ పక్కన మాస్కు బొమ్మ వేశారు. పట్టుచీర అంచుకు సరిపోయే మాస్కు కుట్టించారు. ద్వారం దగ్గర పన్నీరు చల్లే అమ్మాయిల చేతుల్లో ఈసారి శానిటైజర్ సీసాలు. అంతా కన్నుల పండుగ.

ఆ తర్వాత లోపలికి వెళ్తారు. ఫంక్షన్ హాలు తలుపులు మూసి ఉంటాయి, లేకపోతే ఏసీ ఆగదు. బాజాలు మోగుతుంటాయి కాబట్టి పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, అరవాలంటే మాస్కు దించాలి. వేదిక మీద అక్షింతలు వెయ్యడానికి వరసలో నిలబడినవాళ్లు వీపుకు వీపు రాసుకుంటూ కదులుతారు. ఫోటోగ్రాఫరు చెయ్యెత్తి, "సార్, ఒక్క స్టిల్, మాస్కులు తీసెయ్యండి, దగ్గరికి జరగండి, ఇంకా దగ్గరికి, నవ్వండి" అంటాడు. పదిమంది ఒక్కసారిగా ముసుగులు తీసి, భుజాలు ఆనించి, నవ్వుతూ గాలి వదులుతారు. ఫోటో అయ్యాక అందరూ ఎంతో బుద్ధిగా మాస్కులు తగిలించుకుని, ఎవరూ లేని కారు పార్కింగు వైపు నడుస్తారు. ఆ వేదిక దగ్గర తుపాకీ పెట్టాలని, అక్షింతలు వేసేవాళ్ల ముంజేయి చూడాలని ఎవరికీ తోచదు. పెళ్లికొడుకు మేనమామను ఆపే ధైర్యం ఏ గార్డుకు ఉంటుంది?

మాస్కు గురించి నిజం చెప్పాలంటే, ఇన్ని తంతుల్లో ఉపయోగం ఉన్న చవక వస్తువు అదొక్కటే. అందుకే కాబోలు అది గడ్డం కిందకు చేరింది. తెలంగాణలో లేనివాళ్లకు 1,000 రూపాయల జరిమానా అన్నారు కాబట్టి పోలీసు కనిపించే కూడలిలో అది పైకి లేచేది, కూడలి దాటాక దిగేది. ఫోన్ రాగానే దించి మాట్లాడేవాళ్లను గమనించాను. తుమ్ము వస్తే దించి తుమ్మేవాళ్లు కూడా ఉన్నారు, పాడవుతుందని.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు వద్దాం. చదువుకున్నవాళ్లు ఉండే చోట కాబట్టి నిబంధనలు గట్టిగా ఉంటాయి. మార్చి ఆఖరున పనివాళ్లను రావద్దన్నారు. ఆ నెలల జీతం కొందరు పూర్తిగా ఇచ్చారు, కొందరు సగం ఇచ్చారు, కొందరు తర్వాత చూద్దాం అన్నారు, ఆ తర్వాత ఇంకా రాలేదు. జూన్‌లో గిన్నెలు తోముకుని తోముకుని చేతులు పగిలాక సంఘం అత్యవసరంగా సమావేశమై పనివాళ్ల రాక సురక్షితమేనని తేల్చింది. షరతులు పెట్టారు. గేటు దగ్గర తుపాకీ, సబ్బుతో కాళ్లూ చేతులూ, రిజిస్టరులో వేలిముద్రో సంతకమో, లిఫ్టు వాడకూడదు. ఫ్లాట్ల యజమానులకు ఇవేవీ లేవు. మే 25న విమానాలు మొదలయ్యాక బెంగళూరు, ఢిల్లీ, ఆ తర్వాత గోవా వెళ్లివచ్చినవాళ్లు సూట్‌కేసులతో సహా లిఫ్టులో పైకి వెళ్లారు. లిఫ్టు బటన్లు నొక్కడానికి అగ్గిపుల్లలు గుచ్చిన థర్మోకోల్ ముక్క కూడా పెట్టారు, యజమానుల వేళ్లు పాడవకుండా.

మా వైపు ఇళ్లలో పనిచేసే ఒకావిడ అయిదో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ ఒక మాట అన్నది. "లిఫ్టుల నేనొక్కదాన్నే పోత గద సార్. నాకు నేనే అంటిచ్చుకుంటనా?" ఇప్పటిదాకా నేను చదివిన ఏ మార్గదర్శకంలోనూ ఇంత సూటి ప్రశ్న లేదు. అయిదు అంతస్తులు ఎక్కి, రొప్పుతూ, మామూలు కంటే ఎక్కువగా గాలి పీల్చి వదులుతూ ఆవిడ వంటింట్లోకి వస్తుంది. వంటింటి కిటికీ మూసే ఉంటుంది. లిఫ్టు మాత్రం క్షేమంగా ఉంటుంది.

దీనికి ఒక సిద్ధాంతం కూడా సిద్ధమైంది. వాట్సాప్‌లో పూర్వీకుల విభాగం ఒకటి రాత్రింబవళ్లు పనిచేసింది. కాళ్లు కడుక్కుని ఇంట్లోకి రావడం, నమస్కారం పెట్టడం, మడి కట్టుకోవడం, మైల పాటించడం, ఇవన్నీ వైరస్‌ను ముందే ఊహించి పెద్దలు పెట్టినవేనట. ప్రపంచం ఇప్పుడు మన దారికి వచ్చిందట. నమస్కారం బాగుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. కాళ్లు కడుక్కోవడం మంచిదే. మడి సంగతి మాత్రం కాస్త ఆగి మాట్లాడుకోవాలి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఈ దేశంలో కోటి మందికి పైగా పోయారు. అప్పటికి మడి ఇప్పటికంటే ఎంతో గట్టిగా ఉంది, మైలకు లెక్కలు కట్టే పంచాంగకర్తలకు లోటు లేదు. జబ్బు ఆ ఇళ్లనేమీ వదిలిపెట్టలేదు. ఎందుకంటే మడి చూసింది మనిషి పుట్టుకను, జబ్బు చూసేది మనిషి ఊపిరిని. కడజాతివాడు అంత దూరంలో నిలబడాలన్న నియమం ఉన్న ఇంట్లోనే, శ్రాద్ధానికి వచ్చిన పాతిక మంది బంధువులు ఒకే వసారాలో తొడ ఆనించి కూర్చుని భోంచేశారు. 2020లో కూడా అంతే. పనిమనిషికి మెట్లు, బంధువులకు లిఫ్టు. పాత ఆచారానికి కొత్త సైన్సు అత్తరు పూశారు. ఆ అత్తరులో డెబ్బై శాతం ఆల్కహాలు ఉంది, అది మాత్రం పూర్వీకులకు తెలిస్తే ఏమంటారో.

ఆల్కహాలు అనగానే నవ్వు ఆగిపోయే చోటు ఒకటి ఉంది. మే 4న ఆంధ్రలో, 6న తెలంగాణలో మందు దుకాణాలు తెరిచారు. దేశంలో ఇంకా గుడి తెరవలేదు, బడి తెరవలేదు. ఆంధ్రలో ధర మొదట 25 శాతం, మర్నాడే ఇంకో 50 శాతం పెంచారు. తెలంగాణలో 16 శాతం దాకా. సున్నంతో గీసిన వలయాల్లో జనం మోకాళ్లు నొప్పి పుట్టేలా నిలబడ్డారు. విశాఖ వైపు కొన్ని దుకాణాల దగ్గర క్యూ సర్దడానికి, టోకెన్లు ఇవ్వడానికి సర్కారు బడి పంతుళ్లను వేశారు. బడులు మూసి ఉన్నాయి కాబట్టి ఖాళీగానే ఉన్నారని ఎవరికో తట్టి ఉంటుంది. జులై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా వల్ల మందు దుకాణం మూతపడితే, దొరికిన శానిటైజర్ నీళ్లలోనో కూల్‌డ్రింకులోనో కలుపుకుని తాగి పదిమందికి పైగా చనిపోయారు. గుమ్మం దగ్గర మన దోసిట్లో పడే ఆ చుక్కలే. మనకు అది శుద్ధి, వాళ్లకు అది అందుబాటులో ఉన్న ధర. ఆ వారం చర్చ అంతా మందుబాబుల తెలివితక్కువతనం మీద నడిచింది. ధర సంగతి ఎవరూ ఎత్తలేదని అనను, ఎత్తినవాళ్ల గొంతు వినపడలేదు.

ఏది ముందు తెరిచామో, ఏది చివర ఉంచామో వరసగా చెప్పుకుంటే మన మనసులో ఏముందో సర్వే అక్కర్లేకుండా తెలుస్తుంది. మందు దుకాణం మే నెల. మాలూ హోటలూ జూన్. జిమ్ము ఆగస్టు. మెట్రో సెప్టెంబరు మొదట, తెలంగాణలో బార్లు అదే నెల ఆఖరున. నవంబరులో తెలంగాణలో సగం సీట్లతో సినిమా హాళ్లకు సరే అన్నారు. ఆంధ్రలో నవంబరు 2న పెద్ద తరగతుల పిల్లలు బడికి వెళ్లారు. తెలంగాణలో ఆ డిసెంబరు దాకా బడి గంట మోగలేదు. సర్కారు బడి పిల్లలకు సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇంట్లో, కరెంటు ఉన్న వేళ, తమ్ముణ్ని ఎత్తుకోవాల్సిన పని లేకపోతే. పిల్లల ప్రాణాలతో చెలగాటం ఆడలేమని పెద్దలు బార్‌లో కూర్చుని గట్టిగానే అన్నారు.

అంతా నాటకమే అంటే అన్యాయం అవుతుంది. ఖైరతాబాద్ గణపతి 2019లో 61 అడుగులు, 2020లో 9 అడుగులు. బాలాపూర్ లడ్డూ వేలం ఆపేశారు. ఏటా పేపర్లలో మొదటి పేజీకి ఎక్కే దర్జా అది, దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఆ ఉత్సవ సంఘాలనే అడగాలి. తిరుమలలో జూన్‌లో దర్శనాలు మొదలుపెట్టినప్పుడు రోజుకు 6 వేల మందికే అన్నారు, హుండీ సంగతి తెలిసి కూడా. తర్వాత అర్చకులకూ సిబ్బందికీ సోకింది, విమర్శలు వచ్చాయి, అదంతా ఉంది. కానీ జనాన్ని తగ్గించడం అన్నది నిజమైన పని, దానికి నిజమైన ఖర్చు ఉంది. ఖర్చు పెట్టినవాళ్లను ఖర్చు పెట్టనివాళ్లతో కలిపి తిట్టకూడదు.

ఖర్చు పెట్టనివాళ్లలో మొదటి వరస ఎవరిదో నవంబరులో తేలింది. అక్టోబరు 13 నాటి వానకు సగం నగరం మునిగితే, ఇంటికి 10 వేలు ఇస్తామన్నారు. నవంబరులో మీసేవ కేంద్రాల ముందు ఆడవాళ్లు తెల్లవారుజాము నుంచే ఒకరి వీపు మీద ఒకరు పడుతూ నిలబడ్డారు. అక్కడ తుపాకీ పట్టుకున్న కుర్రాడు కనిపించలేదు, సీసా వంచేవాడు కనిపించలేదు, సున్నపు వలయాలు మందు దుకాణాల దగ్గరే అయిపోయాయి కాబోలు. ఆ వెంటనే గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు వచ్చాయి. ఎల్బీ స్టేడియంలో ఒకరు సభ పెట్టారు, సికింద్రాబాద్ వీధుల్లో ఇంకొకరు రోడ్‌షో చేశారు, పాతబస్తీలో మరొకరు ఇంటింటికీ తిరిగారు. మొదట్లో పెళ్లికి 50, చావుకు 20 అని లెక్కగట్టిన చట్టం ఈ జనాన్ని చూసి లెక్క మర్చిపోయింది. ఇంతా అయ్యాక డిసెంబరు 1న పోలింగ్ బూత్ ముందు మళ్లీ వలయాలు, మళ్లీ శానిటైజర్, మళ్లీ ముంజేయి. పోలింగ్ 46.55 శాతం. భౌతిక దూరాన్ని మనసా వాచా పాటించింది ఆ రోజు ఓటర్లే, సగానికి పైగా ఇంట్లోంచి కదల్లేదు.

2020 డిసెంబరు 28, 29 తేదీల్లో కృష్ణా జిల్లాలో టీకా డ్రై రన్ జరిగింది. దేశంలో నాలుగు రాష్ట్రాల్లో పెడితే అందులో ఆంధ్ర ఒకటి. వేచి ఉండే గది, సూది వేసే గది, అరగంట కనిపెట్టి చూసే గది, కంప్యూటరులో పేరు నమోదు, చల్లటి పెట్టె, అన్నీ ఉన్నాయి, టీకా ఒక్కటి లేదు. ఇన్ని నాటకాలు చూశాక దీని మీద కూడా నాలుగు రాళ్లు వేద్దామని కలం తీశాను గానీ, చేతులు రాలేదు. ఎందుకంటే ఇది రిహార్సల్ అని వాళ్లు బోర్డు పెట్టి మరీ చెప్పారు. ఎక్కడ తడబడుతున్నామో రాసుకున్నారు, సరిచేసుకుంటామన్నారు. మన గేట్ల దగ్గర ఆర్నెల్లుగా నడిచింది కూడా రిహార్సలే, అయితే దాన్నే అసలు ప్రదర్శన అని టికెట్లు అమ్ముకున్నారు.

టీకా కబురు మాత్రం అపార్ట్‌మెంట్లకు ప్రభుత్వం కంటే ముందే చేరింది. నాకు తెలిసిన ఒక సంఘం వాట్సాప్ గుంపులో ఆ వారమే తీర్మానం పెట్టారు. టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్ చూపించిన పనివాళ్లకే లిఫ్టు వాడే అనుమతి ఇద్దామని. అప్పటికి టీకా ఇంకా ఎవరికీ రాలేదు, వచ్చినా ముందు ఆస్పత్రి సిబ్బందికి అన్నారు, అయినా ముందుచూపు మంచిదే కదా. మరి ఫ్లాట్ల యజమానులు కూడా సర్టిఫికెట్ చూపించాలా అని మూడో అంతస్తు ఆవిడ అడిగారు. అది ఎవరి వ్యక్తిగత విషయం వాళ్లదని, దాన్ని గౌరవించాలని సెక్రటరీగారు జవాబిచ్చారు. ఆ జవాబు కింద క్షణంలో బొటనవేళ్లు బారులు తీరి లేచాయి. ఆ తర్వాతి సందేశం 31 రాత్రి క్లబ్‌హౌస్ పార్టీకి మనిషికి ఎంత చందా అన్నది.